మెయిన్ బోర్డుకు ముక్కూ చెవీ మనమే

“ఎంసీబీ పడిపోలేదుగా తాతయ్యా, అంటే అంతా బాగున్నట్టే కదా?” అని అడిగింది మా మనవరాలు. పెళ్లయి కొత్తగా కాపురం పెట్టారు, హైదరాబాదులో నిజాంపేట దగ్గర అద్దె ఫ్లాటు. ఈమధ్య గీజరు వేసినప్పుడల్లా హాల్లో లైటు మిణుకుమంటోందట. సొంతిళ్లు కట్టించుకున్న పెద్దవాళ్లు కూడా ఇదే మాట అంటుంటారు. అందుకని దానికి చెప్పిన జవాబు నలుగురికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

కాదు అమ్మలూ, బాగున్నట్టు కాదు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా విను.

మీ గుమ్మం పక్కన గోడలో ఉందే ఆ డబ్బా, దాన్ని కరెంటు పనివాళ్లు డీబీ అంటారు. మనం మెయిన్ బోర్డు అంటాం. మీటరు నుంచి వచ్చిన వైర్లు అందులోకి దిగి, గదికొకటి, ఏసీకొకటి, గీజరుకొకటి చొప్పున విడిపోతాయి. ఒక్కోదానికీ ఒక్కో ఎంసీబీ, అంటే ఎక్కువ కరెంటు పోతే తనంతట తానే పడిపోయే స్విచ్చు. నా చిన్నప్పుడు ఆ చోట పింగాణీ ఫీజులుండేవి. ఫీజు పోతే సన్నటి వైరు కట్టాలి, కానీ చాలా ఇళ్లల్లో చేతికందిన లావుపాటి రాగి తీగ చుట్టేసేవాళ్లు. ఇక అది ఎప్పటికీ పోదు, ఎంత ప్రమాదం వచ్చినా పోదు. ఆ బెడద తప్పించినందుకు ఎంసీబీని మెచ్చుకోవాల్సిందే. జర్మనీలోని మాన్‌హైమ్‌లో హ్యూగో స్టాట్జ్ సంస్థ 1924లో దీనికి పేటెంటు తీసుకుంది.

ఎంసీబీ లోపల రెండు పనిముట్లుంటాయి. ఒకటి, రెండు లోహాలను అతికించి చేసిన పట్టీ. ఎక్కువ కరెంటు పోతే అది వేడెక్కుతుంది. ఒక లోహం ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ సాగుతుంది, దాంతో పట్టీ వంగి లోపలి కొక్కేన్ని తప్పిస్తుంది. ఇది నిదానంగా జరిగే పని. 16 ఆంపియర్ల ఎంసీబీ మీద 18 ఆంపియర్లు పోతుంటే గంటలోపు పడకూడదు, 23 ఆంపియర్లు దాటితే మాత్రం గంట తిరక్కుండా పడి తీరాలి అని ప్రమాణాలు చెబుతున్నాయి. రెండోది తీగచుట్ట. వైర్లు ఒకదానికొకటి తగిలి షార్టు సర్క్యూట్ అయితే అది అయస్కాంతమై రెప్పపాటులో ఆ కొక్కేన్ని లాగేస్తుంది. ఈ లెక్కలన్నీ చుట్టూ గాలి 30 డిగ్రీలు ఉన్నప్పటివి. మే నెలలో మన గుంటూరులోనో రామగుండంలోనో పడమటి గోడకు ఉన్న బోర్డు దగ్గర 45 డిగ్రీలుంటే, పట్టీ ముందే సగం వేడెక్కి ఉంటుంది కాబట్టి ఎంసీబీ కాస్త తొందరగా పడుతుంది. “ఎండాకాలంలోనే ఎందుకు ట్రిప్ అవుతోంది” అని అడిగేవాళ్లకు జవాబులో ఒక భాగం ఇదీ. రెండో భాగం, రెండు ఏసీలు ఒకేసారి తిరగడం.

ఇంత తెలిసిన ఎంసీబీకి తెలియనిది ఒకటుంది. తన కిందే ఉన్న స్క్రూ వదులైన సంగతి.

లెక్క వేసి చూద్దాం. మీ గీజరు మూడు కిలోవాట్లది అనుకో. 230 వోల్టుల మీద 13 ఆంపియర్లు తీసుకుంటుంది. వైరు చివర స్క్రూ కింద గట్టిగా బిగిసి ఉంటే, ఆ కలిసే చోట నిరోధం ఓమ్‌లో వెయ్యో వంతు ఉందనుకుందాం. పుట్టే వేడి ఎంత? కరెంటు వర్గాన్ని నిరోధంతో గుణించాలి. జేమ్స్ జౌల్ 1841లో ప్రకటించిన సూత్రం, నువ్వు ఇంటర్లో బట్టీపట్టిందే. పదమూడు పదమూళ్లు 169, అందులో వెయ్యో వంతు, అంటే వాట్‌లో ఆరో వంతు. లెక్కలోకే రాదు. ఇప్పుడు స్క్రూ వదులై ఆ నిరోధం 0.15 ఓములకు పెరిగిందనుకో. 169ని 0.15తో గుణించు. 25 వాట్లు! టీవీ మెకానిక్ దగ్గర సాల్డరింగ్ ఐరన్ చూసే ఉంటావు, అది కూడా 25 వాట్లదే. దాని మొన ఆనిస్తే సీసం తగరం కలిసిన టంకం తీగ 183 డిగ్రీల దగ్గర కరిగి జారుతుంది. అలాంటిదొకటి మీ గోడలోని డబ్బాలో, ఒక్క స్క్రూ దగ్గర, గీజరు వేసినంతసేపూ అంటుకుని ఉన్నట్టు. మామూలు వైరు మీది పీవీసీ తొడుగు తట్టుకునేది 70 డిగ్రీలు.

మరి ఎంసీబీ ఏం చేస్తోంది? దాని తరఫున ఆలోచించు. ఆ వదులు చోట పోయేది రెండే రెండు వోల్టులు. 230లో రెండు తగ్గితే గీజరుకు తెలియను కూడా తెలియదు, నీళ్లు మామూలుగానే కాగుతాయి. కరెంటు 13 ఆంపియర్లే. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది హద్దులోపలి మాట. అది ఎందుకు పడాలి? ఒక్కోసారి స్క్రూ దగ్గరి వేడి లోపలి పట్టీ దాకా పాకి ఎంసీబీ పడుతుంది, అలా పడితే మన అదృష్టం. పడలేదు కాబట్టి బాగుందనుకోవడానికి లేదని నేను చెప్పేది అందుకే.

స్క్రూ దానంతటది ఎందుకు వదులవుతుందని నీకు సందేహం రావచ్చు. పొద్దున గీజరు వేస్తే వైరు వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఆపితే చల్లారి ముడుచుకుంటుంది. రోజూ ఇదే తంతు. కొన్నేళ్లకు పట్టు సడలుతుంది. సడలిన చోట కాస్త వేడి ఎక్కువ పుడుతుంది, ఆ వేడికి లోహం మీద ఆక్సైడు పొర పేరుకుంటుంది, పొర పేరుకుంటే నిరోధం ఇంకా పెరుగుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఒకసారి మొదలైతే దానంతటది తగ్గే జబ్బు కాదిది. అల్యూమినియం వైరైతే మరీనూ. రాగికన్నా అది వేడికి ఎక్కువ సాగుతుంది, పైగా దాని మీద ఏర్పడే ఆక్సైడు కరెంటును పోనివ్వదు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు మన దగ్గర ఎక్కువగా అల్యూమినియమే. పాతికేళ్ల కిందటి ఇళ్లల్లో కొన్నిచోట్ల లోపలి వైరింగు కూడా అదే. ఇవి కాక, ఒకే స్క్రూ కింద రెండు వైర్లు దూర్చే అలవాటొకటి. ఒకటి లావు, ఒకటి సన్నం. లావుది బిగుస్తుంది, సన్నది ఊరికే ఆనుకుని ఉంటుంది.

అందుకే మన ముక్కు, చెవి, కన్ను, చెయ్యి పనికి రావాలి.

ముక్కుతో మొదలుపెడతాను. మా వీధిలో ఒక ఇల్లుంది, వాళ్లు గుడ్డు కూడా ముట్టని మనుషులు. ఒక చలికాలం వాళ్ల హాల్లో చేపల వాసన మొదలైంది. పక్కింటి వంట అనుకున్నారు, తర్వాత పిల్లి ఏదైనా తెచ్చి పడేసిందేమోనని సోఫాలు జరిపారు, అటకలు వెతికారు. వాసన పొద్దున పూట ఎక్కువ, మధ్యాహ్నానికి ఉండదు. ఈ మాట చెవిన పడగానే గీజరు ఆపమన్నాను, ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాం. అతను మీటరు దగ్గరే సరఫరా ఆపి, బోర్డు మూత విప్పాడు. వరసలో చివరి ఎంసీబీ, పైకి చూస్తే తెల్లగా బాగానే ఉంది. కింది అంచు మాత్రం టీ మరక రంగులోకి మారి, ఒక మూల పొంగి ఉంది. అందులోకి వెళ్లే ఎర్ర వైరు తొడుగు వేలెడు మేర నల్లబడి వెనక్కి ముడుచుకుపోయింది. అతను పటకారుతో తాకితే పెళుసుగా రాలింది. లోపలి రాగి మెరుపు పోయి నల్లగా, అక్కడక్కడా ఊదారంగులో కనపడింది. స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే ఏ బలమూ లేకుండా సగం చుట్టు తిరిగింది. ఎంసీబీ మీట మాత్రం పైకే ఉంది, ఆన్‌లోనే.

చేపలకూ ప్లాస్టిక్కుకూ చుట్టరికమేమిటంటావా? చేపకు ఆ వాసన అమీన్లు అనే నైట్రోజన్ పదార్థాల వల్ల వస్తుంది. స్విచ్చులకూ సాకెట్లకూ వాడే కొన్ని రకాల ప్లాస్టిక్కుల్లో కూడా నైట్రోజన్ ఉంటుంది. అవి మాడేటప్పుడు అమీన్లు వెలువడతాయి. వైరు మీది పీవీసీ కాలితే మాత్రం ముక్కు మండే ఘాటు, అందులోంచి వచ్చేది హైడ్రోజన్ క్లోరైడు. ఈ రెండింట్లో ఏది తగిలినా, ఇంట్లో ఏదో చచ్చిందని వెతికే ముందు బోర్డు దగ్గరికి వెళ్లి వాసన చూడాలి.

ఇక చెవి. రాత్రి టీవీ ఆపేశాక, ఫ్యాను కూడా ఆపి, బోర్డు ముందు ఒక్క నిమిషం నిలబడి విను. పెద్ద లోడు పోతున్నప్పుడు సన్నటి గుయ్‌మనే శబ్దం కొంత మామూలే. చిటచిటలు, చర్రుమనడం, ఉండుండి టిక్కుమనడం మామూలు కాదు. వదులైన చోట కరెంటు గాలిలోంచి దూకుతోందన్నమాట. ఆ మెరుపు దగ్గర వేడి వేల డిగ్రీల్లో ఉంటుంది. డాలస్‌లో ఉన్న మీ బాబాయి ఇంట్లో ఇలాంటి మెరుపును పసిగట్టి పడిపోయే బ్రేకర్లున్నాయి. అమెరికాలో పడకగదుల సర్క్యూట్లకు 2002 నుంచి విద్యుత్ నియమావళిలో అవి తప్పనిసరి. మన ఇళ్లల్లో ఇంకా అరుదు, కాబట్టి ఇక్కడ మన చెవే ఆ పని చెయ్యాలి.

కంటికి కనిపించేవి నీకు నువ్వే పోల్చుకోగలవు. గోధుమరంగు మచ్చలు, కరిగి వంగిన అంచులు, మసి, తుప్పు, పచ్చటి చిలుము. వానాకాలంలో బాత్రూము గోడకు అవతలి వైపు బోర్డుంటే చెమ్మ దిగుతుంది, సున్నం పొంగిందేమో చూడు. ఎంసీబీల వరసలో ఖాళీ చోటికి మూత లేకపోతే బల్లులు, చీమలు దూరతాయి. రెండు వైర్ల మధ్య బల్లి పడి షార్టయిన బోర్డులు మన పల్లెల్లో ఎవర్నడిగినా చెబుతారు. పది రూపాయల ప్లాస్టిక్ ముక్కతో మూసేయొచ్చు. ఇంకొకటి, మీ బోర్డు మీద వేంకటేశ్వరస్వామి క్యాలెండరు వేలాడుతోందన్నావు. స్వామిని పక్క గోడకు మార్చు తల్లీ. బోర్డు మీద కాగితం, గుడ్డ, దండ, కింద చెప్పుల స్టాండు, పాత పేపర్ల కట్ట ఏవీ ఉండకూడదు.

ఎంసీబీల మీది అంకెలు కూడా చదువు. 16, 20, 32 అని ఉంటాయి. ఎంసీబీ కాపాడేది గీజరును కాదు, గోడలోని వైరును. “అస్తమానం పడిపోతోంది” అని 16 తీసి 32 పెట్టించుకున్న ఇళ్లున్నాయి. వైరు పాతదే ఉంచి ఎంసీబీని మాత్రం పెంచితే, ఇక కాలేది గోడలోపలి వైరు. లావుపాటి రాగి తీగతో ఫీజు కట్టడానికీ దీనికీ తేడా లేదు. ఇది చేసిన ఎలక్ట్రీషియన్‌ని రెండోసారి పిలవొద్దు.

చెయ్యి సంగతి జాగ్రత్తగా విను. ఒళ్లు తుడుచుకుని, చెప్పులు వేసుకుని, పొడి నేల మీద నిలబడి చెయ్యాలి. ఏసీ, గీజరు అరగంట నడిచాక అరచెయ్యి కాకుండా చేతి వెనక భాగాన్ని ఎంసీబీల ప్లాస్టిక్ ముఖానికి దగ్గరగా పెట్టు. వెనక భాగమే ఎందుకంటే, షాక్ తగిలితే చేతి కండరాలు పిడికిలి బిగిసేటట్టు లాగుతాయి. పది మిల్లీ ఆంపియర్ల ప్రాంతానికే పట్టుకున్నదాన్ని వదల్లేని పరిస్థితి వస్తుంది. చేతి వెనక భాగం తగిలితే పిడికిలి బిగిసినా దేన్నీ పట్టుకోదు. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. మిగతావాటికన్నా ఒక్కటి మాత్రం బాగా వేడిగా ఉంటే అది జబ్బుది. ఇనప డబ్బా తలుపు ముట్టుకుంటే జిలజిలమంటే అసలు తాకనే వద్దు.

మూత విప్పే పని మాత్రం నీది కాదు, మీ ఆయనదీ కాదు. ఎంత ఇంజనీరైనా సరే. మెయిన్ స్విచ్ ఆపేశాం కదా అని విప్పితే, ఆ స్విచ్ పైభాగానికి మీటరు నుంచి వచ్చే వైరు బతికే ఉంటుంది. దాన్ని ఆపేది ఆ స్విచ్ కాదు. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లల్లో మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ తన కరెంటు పంపడం మొదలుపెడుతుంది. అందుకని అదే బోర్డులో కొన్ని వైర్లలో మళ్లీ 230 వోల్టులుంటాయి. మేడ మీద సోలార్ పలకలున్నవాళ్లకు ఎండ ఉన్నంతసేపూ ఆ పలకల నుంచి వచ్చే వైర్లు బతికే ఉంటాయి. మీటరు సీలు జోలికి అసలు పోవద్దు, అది డిస్కం వాళ్ల సొత్తు.

ఇప్పుడు నీ లైటు మిణుకుమనడం దగ్గరికి వస్తాను. బోరు మోటారు, పాత ఫ్రిజ్ మొదలైనప్పుడు లైటు ఒక్క క్షణం తగ్గడం సహజం, మోటారు తిరగడం మొదలెట్టేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది. గీజరులో మోటారు లేదు. అది వేస్తే హాల్లో లైటు కనపడేంత తగ్గుతోందంటే, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోట, అంటే మెయిన్ స్విచ్ దగ్గరో న్యూట్రల్ దగ్గరో, వదులు ఉందని నా అనుమానం. న్యూట్రల్ విషయంలో ఆలస్యం పనికిరాదు. త్రీఫేజ్ సర్వీసున్న ఇంట్లో న్యూట్రల్ ఊడిందంటే, కొన్ని గదుల్లో వోల్టేజి పడిపోయి ఇంకొన్నిట్లో 300 దాటి 400 దిక్కుగా పోతుంది. టీవీలు, ఫ్రిజ్‌లు ఒకేసారి కాలిపోయిన ఇళ్లల్లో చాలాసార్లు కారణం ఇదే. ఒక లైటు మందగించినప్పుడు ఇంకో లైటు మామూలుకన్నా ఎక్కువ వెలిగితే, ఇంకేమీ ఆలోచించకుండా మెయిన్ ఆపి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చెయ్యాలి.

ఆర్‌సీసీబీ గురించి చెప్పకుండా ముగిస్తే తప్పవుతుంది. బోర్డులో టీ అక్షరం ఉన్న చిన్న బటన్‌తో వెడల్పుగా ఒకటుంటుంది చూడు, అది. ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్లో తిరిగొచ్చిందా లేదా అని అది సరిచూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు లెక్క తప్పితే, ఆ తప్పింది ఒక మనిషి ఒంట్లోంచి భూమిలోకి పోతోందేమోనని సెకనులో మూడో వంతు లోపే ఆపేస్తుంది. బర్క్‌లీలో చార్ల్స్ డాల్జియెల్ అనే ప్రొఫెసర్ మనిషి ఎంత కరెంటు దాకా చెయ్యి వదలగలడో ఏళ్లపాటు పరిశోధించి, 1961లో ఇలాంటి పరికరాన్ని తయారుచేశాడు. ఆయన పుణ్యాన ప్రపంచంలో ఎందరో తల్లుల బిడ్డలు బతికారని నేను నమ్ముతాను. కానీ వదులు స్క్రూ వేడి దీనికీ తెలియదు, ఓవర్‌లోడూ తెలియదు. దీని పని వేరు. ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే లోపలి యంత్రం బిగుసుకుపోతుంది కాబట్టి నెలకోసారి టీ బటన్ నొక్కాలి. నొక్కగానే ఇల్లంతా కరెంటు పోతే అది బతికున్నట్టు. ఇంకో మాట, ఆ బటన్ పనిచేసినంత మాత్రాన ఎర్తింగు బాగుందని కాదు. ఎర్తు పరీక్ష వేరే చేయించాలి, వేసవిలో ఎర్తు గొయ్యిలో నీళ్లు పోయించాలి.

ఎలక్ట్రీషియన్ వస్తే ఊరికే స్క్రూలు బిగించి వెళ్లిపోనివ్వకు. నల్లబడిన వైరును కొత్త రాగి కనపడేదాకా కత్తిరించాలి. కాలిన ఎంసీబీని మార్చాలి, ఒకసారి కాలిన టెర్మినల్ మళ్లీ సరిగ్గా పట్టదు. మెయిన్‌నీ, న్యూట్రల్ పట్టీనీ, ప్రతి వైరునూ బిగించి చూడమను. మెగ్గర్ అనే మీటరు పెట్టి వైర్ల ఇన్సులేషన్ కొలవమను. లైసెన్సు ఉన్నవాణ్ణే పిలవండి, రెండు వందలు ఎక్కువడిగినా సరే.

ఈలోపు గీజరు ఎంసీబీ ఆపి ఉంచు, నీళ్లు స్టవ్ మీద కాచుకోండి. ఇంటి ఓనరుకు ఇవాళే ఫోన్ చెయ్యి, బోర్డు బాగుచేయించే ఖర్చు ఆయనది. ఎప్పుడైనా పొగ కనిపిస్తే నీళ్లు చల్లకు. మెయిన్ అందితే ఆపు, అందకపోతే వదిలేసి అందరూ బయటికి వచ్చి ఫైరింజను వాళ్లకు 101కి చెప్పండి.

ఇది చదువుతున్నవాళ్లకూ ఒక మాట. ఈ ఆదివారం కంప్యూటరూ టీవీ ఆపేసి, పొడి చేత్తో మీ బోర్డు మీది టీ బటన్ నొక్కి చూడండి. కరెంటు పోకపోయినా, అసలు ఆ బటనే లేకపోయినా, సోమవారం ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.